పైగడ్డకు మూడు చుట్లు

పంపకం 11,312

ఈ పూట కూడా నన్ను నేనే లేపుకున్నాను. గోడలోని పెట్టె ఆరు గంటలకు నా గొంతుతో మొదలుపెట్టింది. "కోట వీధి. ఒకటి, రెండు, మూడు..." ఆరుకీ ఏడుకీ మధ్య ఒక దగ్గు వస్తుంది. ముప్పయ్యొక్క ఏళ్ళ కిందట, ఊరి వాల్వులు తిప్పే యంత్రానికి, అదే తూముకు, లెక్కలు పలికిన రోజున నాకు జలుబు చేసి ఉంది. తూము ఏది విన్నదో అదే చెబుతుంది, దగ్గుతో సహా. ఇరవై రెండు దాకా లెక్కపెట్టి నా గొంతు ఆగింది. కుళాయి ఒకసారి గాలి వదిలి, తరువాత నీళ్ళు వదిలింది. ఇత్తడి బిందె, రెండు బకెట్లు, స్టీలు డ్రమ్ము నింపుకున్నాను. "కోట వీధి. అయిపోయింది," అంది పెట్టె. అది నలభై ఏడేళ్ళవాడి గొంతు. నాకిప్పుడు డెబ్బై ఎనిమిది. వాడంటే నాకు ఇష్టం లేదు. మరీ ధీమాగా మాట్లాడతాడు.

మాగలూరులో రోజుల్ని ఇలాగే లెక్కపెడతారు. తూము మొదటిసారి ఊరికి నీళ్ళు పంచిన రోజు పంపకం ఒకటి. పిల్లలు పుట్టినరోజులు కూడా పంపకాల్లోనే చెబుతున్నారు. పంచాంగాలు, క్యాలెండర్లు నాలాంటివాళ్ళ గోడలకే మిగిలాయి.

నిన్న మునిసిపల్ సెక్రటరీ వచ్చి వెళ్ళాడు. కొండమీది ట్యాంకు కట్టి నూరేళ్ళయిందట. పంపకం 11,325 నాడు ఉత్సవం. ఊరి నీళ్ళ చరిత్రను పుస్తకంగా రాసివ్వమని అడిగాడు. పాత వాల్వు మనుషులు పదముగ్గురిలో బతికి ఉన్నది నేనొక్కణ్ణి, పైగా ఫోర్‌మన్‌ని, పైగా నాలుగు బీరువాల పుస్తకాలు చదివినవాణ్ణి. ట్యాంకు గోడకు నా పేరుతో రాయి కూడా పెడతారట. అదే రోజు పైగడ్డ వార్డుకు మూత వేస్తారు. అంటే ఆ వార్డు పైపుకు ఇనుప బిళ్ళ బిగించి, అక్కడ మిగిలిన ఇరవై ఎనిమిది ఇళ్ళవాళ్ళనీ వంకేటి అవతలి రేకుల కాలనీకి తరలిస్తారు. ఇన్నేళ్ళ వాడకం చూసి, ఆ వార్డుకు నీళ్ళ అవసరం లేదని తూము తేల్చింది.

రాస్తానన్నాను. ఎందుకొప్పుకున్నానో ఈ పుస్తకంలో దాచనక్కర్లేదు. ఇది నా పాత వాల్వు రిజిస్టరు, చివర నలభై కాగితాలు ఖాళీగా ఉన్నాయి, ఎవరూ చదవరు. విశాలాక్షి అనే ఇంజనీరు మీద ఒక అధ్యాయం రాయాల్సి ఉంది. పైగడ్డను ఎండబెట్టింది ఎవరో ఈ ఊరికి మరొక్కసారి, అట్ట వేసిన పుస్తకంలో చెప్పాలి.

పంపకం 11,313

మొదటి అధ్యాయం చిత్తుప్రతి.

ట్యాంకుకు ముందు మాగలూరు పీపా బండ్ల నీళ్ళు తాగింది. వంకేటి ఇసకలో చెలమలు తవ్వి, ఊరిన నీళ్ళను ముంతలతో పీపాల్లోకి ఎత్తేవాళ్ళు. ఎద్దు అలిసిపోయిన వీధికి ఆ రోజు నీళ్ళు లేవు. ఎద్దులన్నీ పైగడ్డ మెట్ల దగ్గరే అలిసేవి. తరువాత కొండమీద ట్యాంకు, ఇసక వడపోతలు, వీధి కుళాయిలు వచ్చాయి. కుళాయిలకు ముందు వచ్చినవి కుళాయిల దగ్గర కొట్లాటలని మా నాన్న అనేవాడు. ట్యాంకు నీళ్ళు ఊరికంతా ఒకేసారి చాలవు గనక వార్డుకొక వాల్వు, వాల్వుకొక గుంత, గుంతకొక మనిషి. నడుము ఎత్తు ఇనుప కడ్డీ, పైన రెండు చేతులు పట్టేంత అడ్డకమ్మీ: దాన్ని కీ అనేవాళ్ళం. ఏ వార్డుకు ఎన్ని చుట్లు తిప్పాలన్నదే మా విద్య మొత్తం. కోట వీధికి ఇరవై రెండు. బజారుకు ముప్పై. పైగడ్డకు మూడు. అది చిన్న వాల్వు, పాత సిమెంటు పైపు.

మొదటి వాల్వు మనుషులు ధాన్యం కొలిచే ఇళ్ళ నుంచి వచ్చారు. కొలిచేవాళ్ళు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. మా తాతలు ఆ మాటను వాల్వు దగ్గరికి తెచ్చారు, కాని కొద్దిగా మార్చారు. మొదటి చుట్టుకు లాభం అని, ఆ తరువాత చుట్టు నుంచి ఒకటి, రెండు అని లెక్కపెట్టేవాళ్ళు. మొదటి చుట్టు నీళ్ళది, మనది కాదు, దాన్ని రిజిస్టరులో ఎక్కించకూడదని నియమం. రిజిస్టరులో ఇరవై రెండని ఉంటే చెయ్యి ఇరవై మూడుసార్లు తిరుగుతుంది. పదముగ్గురికీ తెలుసు. ఎక్కడా రాసి ఉండదు.

ఈ లాభం సంగతి చరిత్రలో పెట్టాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు.

పంపకం 11,315

విశాలాక్షి అధ్యాయం పూర్తయింది. తొమ్మిది పేజీలు. సారాంశం ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

తూమును పెట్టడానికి రాజధాని నుంచి వచ్చిన ఇంజనీరు ఆ పిల్ల. ఇరవై ఆరేళ్ళు. మగవాళ్ళ టోపీ, చేతిలో ఎప్పుడూ ఒక నోటుబుక్కు. వాల్వులన్నిటికీ మోటార్లు బిగించారు. పైపుల్లో చెవులు పెట్టారు. నీళ్ళ చప్పుడు వింటూ ఎక్కువ తక్కువలు తూము తానే సర్దుకోవడానికి. ఒక్క పైగడ్డ సిమెంటు పైపులో మాత్రం చెవి నిలవలేదు, పగిలిపోయింది. అక్కడ మనిషి పలికిన లెక్కే తూముకు ఆధారం.

లెక్కలు పలికిన రోజు కౌన్సిల్ హాలు నిండిపోయింది. నేను నిలబడి పదమూడు వార్డుల లెక్కలూ ఒకటి నుంచి పలికాను. వాల్వు మనిషి పలుకును వాల్వు మనిషే దిద్దాలి తప్ప ఇంజనీర్లు ముట్టుకోకూడదని పట్టుబట్టి నియమం కూడా రాయించాను. దిద్దదలచినవాడు ఆ వాల్వు దగ్గరే నిలబడి, కీ తిప్పుతూ లెక్క పలికి, కారణం చెప్పాలి. అది ఊళ్ళో ప్రతి ఇంటి పెట్టెలోనూ వినబడాలి. చప్పట్లు కొట్టారు.

అప్పుడా పిల్ల లేచి అడిగింది. "ఫోర్‌మన్ గారూ, మీవాళ్ళు ఒకటికి ముందు ఏదో అంటున్నారు. అప్పుడు కూడా కీ తిరుగుతున్నట్టే కనబడింది నాకు. అదీ చేర్చాలా?"

"అమ్మాయీ, అది నీళ్ళకు పెట్టే దండం," అన్నాను. "దండానికి మరలుండవు."

హాలంతా నవ్వింది. ఛైర్మన్ కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె నోటుబుక్కులో ఏదో రాసుకుని కూర్చుంది.

ఆ తరువాత పైగడ్డ ఎండిపోవడం, నేను పత్రికకు పదిహేడు ఉత్తరాలు రాయడం, మూడో ఏట ఆమెను ఉద్యోగంలోంచి తీసెయ్యడం అన్నీ వరసగా వచ్చాయి. ఉత్తరాల్లోంచి మంచి వాక్యాలు యథాతథంగా ఎత్తి రాశాను. "నీటిని ఎన్నడూ మొయ్యని చేతులు నీటిని పంచబోతే గొంతులెండుతాయి." ఇది ఊళ్ళో చాలాకాలం వాడుకలో ఉండింది.

పంపకం 11,316

అటుమొన్న రాసినదీ నిన్న రాసినదీ పక్కపక్కన పెట్టి చదివాను. మొదటి అధ్యాయంలో లాభం అంటే ఒక చుట్టు. విశాలాక్షి అధ్యాయంలో లాభం అంటే దండం. అంత చదువుకున్నవాడికి ఈ రెండూ ఒకే పుస్తకంలో ఇమడవని తోచలేదు.

మొదటి అధ్యాయంలో లాభం పేరాను కొట్టేశాను. పుస్తకం ఇప్పుడు సరిగ్గా ఉంది.

పంపకం 11,318

పైగడ్డకు వెళ్ళాను. పుస్తకానికి మద్దిలేటి ఫొటో కావాలి. పైగడ్డ వాల్వు మనిషి వాడే. నాకన్నా నాలుగేళ్ళు చిన్న, నన్ను అన్నా అనేవాడు. చనిపోయి పద్దెనిమిదేళ్ళు.

ఇరవై ఏడేళ్ళుగా ఆ మెట్లు ఎక్కలేదు. నూట నలభై మెట్లు. ఆగి ఆగి ఎక్కాను. రెండు పక్కలా ఇళ్ళు తలుపులు ఊడిపోయి, లోపల గోడల మీద పెట్టెలు మాత్రం మిగిలి ఉన్నాయి. అవి ఖాళీ ఇళ్ళలో కూడా రోజూ నా గొంతుతో పలుకుతాయని అప్పటిదాకా ఆలోచించలేదు. ఒకప్పుడు ఇక్కడ రెండు వందల నలభై గడపలు.

మెట్ల మీద కుళాయి దగ్గర పాతికమంది వరసలో ఉన్నారు. పైగడ్డ వంతు పదకొండింటికి, ఇంకా టైం ఉంది. వరసలో చివరి మనిషి వెనక ఆగి, ఆయాసం తగ్గాక అడిగాను. "మద్దిలేటి వాళ్ళ ఇల్లెక్కడమ్మా?"

వరస మొత్తం ఒక్కసారి కుళాయి వైపు కదిలింది. బిందెలు బిందెలకు తగిలాయి. ఒకామె కుళాయి కింద చేతిలో ఉన్న ముంత పెట్టింది. ఒకరి ప్లాస్టిక్ బిందె మెట్ల మీదుగా దొర్లిపోయింది. నీళ్ళు రాలేదు. అందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు.

పళ్ళు లేని ఒక ముసలామె ముందుగా గొంతు పోల్చుకుంది. "ఈయప్పేనే," అంది పక్కామెతో. "అయిపోయింది."

ఆ వార్డులో నా పేరు అదేనట. నీళ్ళు ఆగిపోయే ముందు వినబడేది అదే మాట గనక. పిల్లలు అల్లరి చేస్తే అయిపోయింది వస్తాడని భయపెడతారట. ఇవన్నీ నాకు చెప్పింది మద్దిలేటి కూతురు సుంకులమ్మ. నలభై అయిదేళ్ళుంటాయి, వరస సరిచేసే పని ఆమెదే. నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చి, తన బిందె బోర్లించి, దాని మీద కూర్చోబెట్టింది.

"కూచో పెద్నాయనా. నీకు పేరు పెట్టినామే గానీ మొగం చూడబట్టె ఇన్నాళ్ళయ. ఈడోళ్ళ మాటలు మనసుల పెట్టుకోవద్దు. నీళ్ళు రాకపాయె, నవ్వుకొనేకన్నా ఏందో ఒకటి ఉండాల గదా."

ఫొటో లేదంది. నాన్న కీ ఉందంది. పెరట్లో రెండు రాళ్ళ మీద అడ్డంగా పెట్టి దాని మీద బట్టలారేస్తారట. వాడు ఎలా పోయాడని అడిగాను. అడగకపోతే బాగుండేది.

"మోసి మోసి పాయె," అంది. "మూడు చుట్ల నీళ్ళు మెట్లకాటికే వస్తాయి పెద్నాయనా, మీది ఇండ్లకు ఎక్కవు. ముసలోళ్ళందరికీ నాయనే మోసేటోడు. గుండె పట్టుకొని కూచునేటోడు, మళ్ళా లేసేటోడు. ఎందుకు నాయనా ఊరందరికీ అంటే, నా వాల్వు గదమ్మా అనేటోడు."

అప్పుడే వచ్చి వరస చివర నిలబడ్డ ఒకామెను చూశాను. పొట్టిగా కత్తిరించిన తెల్ల జుట్టు, రెండు చేతుల్లో రెండు క్యాన్లు. ముప్పై ఏళ్ళ తరువాత కూడా ఆ నిలబడే తీరు మారలేదు. ఆమె నన్ను చూసింది. తరువాత తన క్యాన్ల మూతలు చూసుకుంది.

నా చూపు ఎటుందో సుంకులమ్మ గమనించింది. "ఇంజనీరమ్మ. నాయన బతికున్నప్పటికాంచి మాతోనే ఉండాది. నీవల్లనే నీళ్ళు పాయెనని ఊరంతా తిట్టి పంపిస్తే, తిట్టించుకున్న తావుకే వచ్చి కూచున్యాది. పిచ్చిది."

పెట్టెలు పలికే లోపల అక్కడి నుంచి లేచి వచ్చేశాను. మెట్లు సగం దిగేసరికి వెనక నుంచి నా గొంతు వినబడింది. "పైగడ్డ. ఒకటి, రెండు, మూడు."

పంపకం 11,319

కీ తిరుగుతుందని నాకు తెలుసు. ముందు అది రాస్తాను.

కౌన్సిల్ హాల్లో ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు సరైన జవాబు ఒక్క మాట: చేర్చాలి. అది నా నాలుక మీద ఉండింది. చెప్పలేదు. తూము వస్తే పదముగ్గురి పనీ పోతుంది. మా విద్యంతా దానికి అప్పజెప్పి ఇంటికి పొమ్మంటున్నారు. ఒక్క చుట్టు దాచుకుంటే అది కుంటుతుంది, కుంటితే మళ్ళీ మమ్మల్ని పిలుస్తారనుకున్నాను. ఇది పదముగ్గురి కోసమని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి దాని కోసం కూడా కాదేమో. ఇరవై ఆరేళ్ళ పిల్ల, నా చేతిలో కీ తిరగడాన్ని నాకన్నా జాగ్రత్తగా చూసింది. అది భరించలేకపోయాను. హాలు నవ్వగానే దండం అన్న మాట నిజమైపోయింది.

తూము కుంటలేదు. పైపుల్లోని చెవులు విని వారం తిరక్కుండానే అన్ని వార్డుల్లోనూ తక్కువైన చుట్టును అదే సర్దుకుంది. చెవి లేనిది పైగడ్డలో. ముప్పై చుట్ల బజారుకు ఒక చుట్టు పోతే తెలియదు. పైగడ్డ వాల్వుకు లాభంతో కలిపి నాలుగు చుట్లు తిప్పితే చివరి ఇంటికి నీళ్ళెక్కుతాయి, మూడు తిప్పితే మెట్ల దగ్గర ఆగిపోతాయి.

తొమ్మిదో రోజున మద్దిలేటి మా ఇంటికి వచ్చాడు. గడప బయటే నిలబడి, "అన్నా, అది లాభం తిప్పతలేదు," అన్నాడు. పోయి చెబుదాం పద అన్నాడు. నోరు మూసుకొమ్మన్నాను. నాలుగు రోజుల్లో మనల్నే పిలుస్తారు, అప్పుడు మన గొప్ప తెలుస్తుందన్నాను. వాడు సరేనన్నాడు. నేను ఏం చెప్పినా సరేననేవాడు. ఆ నాలుగు రోజులు పదమూడేళ్ళయ్యాయి. వాడు బిందెలతో ఆ చుట్టును మోశాడు. ఎవరితోనూ అనలేదు.

నేను మాత్రం పదిహేడు ఉత్తరాలు రాశాను.

పంపకం 11,321

పైగడ్డ వాల్వు గుంత మెట్ల కింద ఉంది. ఎందుకు వెళ్ళానో తెలియదు, చూద్దామని. గుంత పక్కన విశాలాక్షి కూర్చుని మూత మీది మట్టి గోకుతోంది. మూత వేసేవాళ్ళు రాక ముందే లోపలి మరల కొలతలు మరొక్కసారి తీసుకోవాలట. అదే పొడవు నోటుబుక్కు. అది ఎన్నోదో అడగలేదు.

నేను కూర్చోలేదు. ఆమె లేవలేదు. ముందు ఆమే మాట్లాడింది.

"అది దండం కాదని రెండో నెలకే తెలిసింది ఫోర్‌మన్ గారూ. రాత్రింబవళ్ళు ఆలోచించాల్సిన విషయమేం కాదు. మద్దిలేటి గారి అరచేతి కాయలు చూస్తే తెలిసిపోయేది."

"మరి చెప్పలేదేం?"

"చెప్పాను. వినడానికి తూముకు నియమం అడ్డం. మీరు రాయించిందే." ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నాకు సులువయ్యేది. "మీ ఇంటికి కూడా వచ్చాను. మూడుసార్లు. కిటికీలోంచి మీ కుర్చీ కనబడుతూనే ఉంది. లేరని చెప్పించారు."

నిజమే. మూడుసార్లూ ఏదో పుస్తకం చదువుతూ కూర్చున్నాను. ఆమె వెళ్ళిపోయేదాకా పేజీ తిప్పలేదు.

"మద్దిలేటి గారిని అడిగితే ఏడ్చేవారు. మిమ్మల్ని దాటి ఆయన మాట్లాడరు. మీరొస్తారనే అనేవారు. అన్న మొండోడు గానీ చెడ్డోడు కాదు, ఒక యాడాది చూడమ్మా అన్నారు. సరే చూద్దామని ఇక్కడికొచ్చి ఉన్నాను."

ఎన్నాళ్ళని అడగలేకపోయాను. ఆమె నోటుబుక్కు మూసి, దుమ్ము దులుపుకుని లేచింది.

"మీ ఉత్తరాలు పదిహేడూ నా దగ్గరున్నాయి," అంది. "తెలుగు చాలా బాగా రాస్తారు."

పంపకం 11,322

సెక్రటరీ దగ్గరికి వెళ్ళాను. పైగడ్డ మూల లెక్కలో చిన్న పొరపాటుంది, చప్పుడు లేకుండా దిద్దించలేమా అని అడిగాను. కుదరదన్నాడు. పలికినవాడు వాల్వు దగ్గర నిలబడి కారణం చెప్పాల్సిందే, ఊరంతా వినాల్సిందే. తరువాత తలుపు దగ్గరికి వేసి, ఇప్పుడవన్నీ ఎందుకండీ అన్నాడు. రాయి చెక్కించడం అయిపోయిందట, పేరు బాగా వచ్చిందట. పైగడ్డవాళ్ళకు కాలనీలో బాగానే ఉంటుంది, మీ ఆరోగ్యం చూసుకోండన్నాడు.

బయటికొచ్చి మెట్ల మీద నిలబడ్డాను. గుండెల మీంచి బరువు దిగినట్టనిపించింది. ప్రయత్నించాను గదా అని. ఇంటికి చేరేదాకా ఆ హాయి ఉంది. ఈ ముప్పయ్యొక్క ఏళ్ళలో నేను చేసిన పనులన్నిటికన్నా ఆ హాయిని తలుచుకుంటే ఎక్కువ సిగ్గుగా ఉంది.

పంపకం 11,324

రేపు పదకొండింటికి మూత. మద్దిలేటి కీ ఒకసారి ఇవ్వమని సుంకులమ్మకు కబురు పంపాను. ఎందుకని అడగలేదట. బట్టలు తీసేసి తుడిచి తెస్తానందట.

పంపకం 11,325

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదింటికే గుంత దగ్గరికి చేరాను. మూత వేసే పనివాళ్ళు ముగ్గురు లారీలోంచి ఇనుప బిళ్ళ దింపి నీడలో కూర్చున్నారు. పైగడ్డవాళ్ళు మెట్ల మీద, సామాన్ల మూటల పక్కన. సుంకులమ్మ కీని భుజం మీద వేసుకుని దిగింది. ఆమె వెనక విశాలాక్షి.

కీని గుంతలోకి దించి వాల్వు తల మీద కూర్చోబెట్టాను. గుంత గోడలోని పెట్టె వెంటనే అడిగింది, నా గొంతుతోనే. "ఎవరు?"

"కంబగిరి. ఫోర్‌మన్. పైగడ్డ లెక్క దిద్దాలి."

"గొంతు సరిపోలేదు," అన్నాడు ఆ నలభై ఏడేళ్ళవాడు.

మళ్ళీ చెప్పాను. మళ్ళీ అదే జవాబు. పైగడ్డలో పళ్ళు లేని ముసలామె ఒక్క మాటకే పోల్చుకున్న గొంతు అది. మెట్ల మీద ఎవరో నవ్వారు. నేను కీ వదిలేద్దామనుకున్నాను. తూమే కాదంటే నేనేం చెయ్యగలనని సెక్రటరీని కలిసి వచ్చిన నాటి హాయి మళ్ళీ వచ్చేటట్టుంది.

"పేరు చెబితే దానికి తెలియదు," అంది విశాలాక్షి వెనక నుంచి. "మీరు లెక్కపెట్టే తీరుతో అది మిమ్మల్ని నేర్చుకుంది. లెక్కపెట్టండి."

అడ్డకమ్మీ రెండు చేతులతో పట్టుకుని లాగాను. కదల్లేదు. నా భుజాలు ఎప్పుడో పోయాయి. సుంకులమ్మ నవ్వి, చీర కొంగు దోపి, అవతలి వైపు పట్టుకుంది. "నాయనుంటే మీ ఇద్దరూ తిప్పుదురు. పట్టు పెద్నాయనా."

"లాభం," అన్నాను.

వాల్వు కీచుమంది. కీ ఒక పూర్తి చుట్టు తిరిగింది.

పెట్టెలో ఏదో టక్కుమంది. తరువాత, "గొంతు సరిపోయింది," అంది. "ఈ చుట్టు లెక్కలో లేదు. కారణం చెప్పాలి."

ఊళ్ళో ప్రతి ఇంట్లో ఇది వినబడుతోంది. కోట వీధిలో, బజారులో, ఉత్సవం షామియానా కింద ఛైర్మన్ పక్కన. రాత్రంతా తయారు చేసుకున్న మంచి వాక్యాలు నా దగ్గర నాలుగైదు ఉన్నాయి. ఒక్కటీ వాడలేదు.

"పైగడ్డకు నాలుగు చుట్లు. మూడు కాదు. మొదటి చుట్టును నేను దాచాను. ఇంజనీరు అడిగితే అబద్ధం చెప్పి నవ్వించాను. తొమ్మిదో రోజున మద్దిలేటి వచ్చి చెప్పాడు. వాడి నోరు మూయించాను. తప్పంతా ఇంజనీరుదని పదిహేడుసార్లు పత్రికకు రాశాను. అంతే."

నాకు ఎదురుగా, కీకి అవతలి వైపు సుంకులమ్మ ముఖం ఉంది. మూరెడు దూరం. మద్దిలేటి పేరు దగ్గర ఆమె కళ్ళు నా మీద నిలిచాయి.

"నాయనకు తెల్సునా?" అంది.

"తెలుసు."

ఆమె చేతులు వదిలేసింది. ఆ వైపు బరువు పోగానే కీ ఒరిగి గుంత గోడకు కొట్టుకుని ఖంగుమంది. ఆమె తిరిగి మెట్లెక్కింది. ఆమె చెప్పుల చప్పుడు పై దాకా వినబడింది. ఎవరూ కదల్లేదు. ఇంకా మూడు చుట్లున్నాయి. నేను ఒక్కణ్ణే లాగాను, రెండుసార్లు, మూడుసార్లు. కీ కదల్లేదు. పనివాళ్ళలో ఒకడు లేవబోయి, మెట్ల మీదివాళ్ళను చూసి మళ్ళీ కూర్చున్నాడు.

ఎంతసేపైందో తెలియదు. అవతలి వైపు ముడతలు పడ్డ రెండు చేతులు కనబడ్డాయి. విశాలాక్షి కమ్మీని పట్టుకుని, ఊపిరి బిగబట్టి, నా కోసం చూస్తోంది.

"తిప్పండి ఇంజనీరు గారూ," అన్నాను. ఆ మాట నా నోట రావడం అదే మొదటిసారి. "ఒకటి."

రెండు. మూడు. పైపులో నీళ్ళ చప్పుడు మారింది. అది మెట్ల దగ్గర ఆగకుండా పైకి పోతున్న చప్పుడు, ఈ చెవులకు ఇంకా తెలుసు. కాసేపటికి పైనెక్కడో, తలుపుల్లేని ఒక ఇంట్లో, ముప్పై ఏళ్ళ కిందట ఎవరో కట్టెయ్యకుండా వదిలి వెళ్ళిన కుళాయి ధారగా పారడం మొదలుపెట్టింది.

"పైగడ్డ లెక్క మారింది. మూత రద్దు," అంది పెట్టె. పనివాళ్ళు బిళ్ళను మళ్ళీ లారీలోకి ఎత్తారు.

విశాలాక్షి అరచేతులు చూసుకుని, పైట కొంగుకు తుడుచుకుని, మెట్లెక్కి వెళ్ళిపోయింది. నేను ఏదో అనబోయాను. ఆమె చెయ్యి ఎత్తి వద్దంది.

పంపకం 11,326

పుస్తకం కోసం రాసినదంతా ఉదయం పొయ్యిలో పెట్టాను. సెక్రటరీకి ఒక్క కాగితం పంపాను, నిన్న గుంత దగ్గర చెప్పినవే ఏడు వాక్యాలు. ట్యాంకు గోడకు పెట్టిన రాయిని తీసేశారని పాలవాడు చెప్పాడు. కోట వీధిలో నన్ను చూసి ఇద్దరు తలుపులు వేసుకున్నారు. మూడో ఇంటాయన తలుపు తీసే ఉంచి, బాగా చూశాడు.

పదకొండుకు ముందే పైగడ్డకు చేరాను. ఇరవై ఎనిమిది గడపలకు పట్టనన్ని నీళ్ళు ఇప్పుడు ఎక్కుతాయి. వెళ్ళిపోయిన రెండు వందల పన్నెండు గడపలు తిరిగి రావు. అయినా అలవాటు కొద్దీ అందరూ మెట్ల మీది కుళాయి దగ్గరే వరస కట్టారు. నేను పక్కగా గోడ నానుకుని నిలబడ్డాను.

పెట్టెలు మొదలుపెట్టాయి. ఆ ధీమా గొంతు కాదు. కొత్తగా విన్న పలుకునే తూము తీసుకుంది. వణికే, ఆయాసపడే నా ఇప్పటి గొంతు.

"పైగడ్డ. లాభం."

ఆ తరువాత మాటల్లేవు; కారణం లెక్కలో భాగం కాదు గనక తూము ఆ మాటల్ని వదిలేసింది. వరసలో ఎవరూ కదల్లేదు. నిండు ఇళ్ళలోంచీ ఖాళీ ఇళ్ళలోంచీ ఒకేసారి ఇనుము గోడకు కొట్టుకుని ఖంగుమంది. చెప్పుల చప్పుడు మెట్లెక్కి దూరమైంది. తరువాత ఒక ముసలివాడు దేన్నో లాగుతూ, కదలక, మళ్ళీ లాగుతూ మూలగడం. అది చాలాసేపు సాగింది. ఆ ఖాళీ అంతా పెట్టెలు వినిపించాయి, ఒక్క ఊపిరి కూడా వదలకుండా. రేపూ వినిపిస్తాయి. ఇక్కడ పుట్టబోయే పిల్లలు లెక్కంటే ఇలాగే ఉంటుందని నేర్చుకుంటారు.

"ఒకటి," అంది నా గొంతు చివరికి. "రెండు. మూడు."

కుళాయి వచ్చింది. సుంకులమ్మ బిందె ఎత్తుకుని ముందుకొచ్చి, నా దగ్గర ఆగింది. నిన్నటిదాకా నన్ను పెద్నాయనా అన్న మనిషి, ఈ పూట దారినపోయే ముసలివాణ్ణి పిలిచినట్టు పిలిచింది.

"పెద్దాయనా, కొంచెం జరుగు," అంది. "బిందె పెట్టుకోవాల."

జరిగాను.